పండక్కి ఇంటికెళ్తే నేను చుట్టాన్నా, ఇంటి మనిషినా?

కొబ్బరాకు
బెంగళూరులో ఉద్యోగం, ఆరేళ్ళయింది. ఊరు కోనసీమ, అంబాజీపేట పక్కన. ఏటా సంక్రాంతికి ఇంటికెళ్తాను, ఒక్కసారి కూడా మానలేదు.

మొన్న దీపావళికి ఫోన్ చేస్తే మా పిన్ని మాటల్లో నోరు జారింది. "మీ నాన్నకి ఆ రెండో కన్ను కూడా చేయించేస్తే ఓ పనైపోతుందే" అంది. రెండో కన్నేంటి పిన్నీ అంటే గతుక్కుమంది. పోయిన డిసెంబరు ఆఖర్లో నాన్నకి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఆ తర్వాత రెండు వారాలకే నేను ఊరెళ్ళాను. మూడు రోజులు ఆ ఇంట్లోనే తిని, ఆ ఇంట్లోనే పడుకున్నాను. నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు వెనక్కి తలుచుకుంటే అన్నీ గుర్తొస్తున్నాయి. నాన్న పొద్దస్తమానం నల్లద్దాలు పెట్టుకుని తిరిగాడు. బాగున్నాయి నాన్నా అని పక్కన నిలబడి సెల్ఫీ కూడా తీసుకున్నాను. భోగి మంట దగ్గరికి రాలేదు, చలిగా ఉందన్నాడు. పండగ పూట తలంటు పోసుకోలేదు, జలుబన్నాడు. నేను నమ్మేశాను.

అమ్మనడిగితే "పండగ పూట నీకెందుకు టెన్షన్, ఉండేదే మూడ్రోజులు" అంది. ఏ పని ముట్టుకోబోయినా ఇదే మాట. నేను వెళ్ళేసరికి అరిసెలు డబ్బాలో ఉంటాయి, జంతికలు డబ్బాలో ఉంటాయి, నా మంచం మీద కొత్త దుప్పటి ఉంటుంది. మిగతా ఏడాదంతా ఆ మంచం మీద బస్తాలుంటాయని మా తమ్ముడు చెప్పాడు. వచ్చేపోయే బంధువులకి కాఫీలు అందించడంతోనే నా మూడు రోజులు అయిపోతాయి. అమ్మా నాన్నా నేనూ ముగ్గురమే కూర్చున్నది అరగంట ఉంటుందేమో.

జనవరి 12 రైలుకి బుకింగ్ నవంబరు 13న తెరుస్తారు. ఇంకో వారం కూడా లేదు. అసలు పండక్కి వెళ్ళడం మానేసి, ఏ ఫిబ్రవరిలోనో ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్తే మేలా? మీ ఇళ్ళల్లో కూడా ఇలాగే దాస్తారా?

పలాస_కుర్రోడు
దాస్తారు. మా అమ్మకి షుగరుందని నాకు తెలిసింది మందుల షాపు అతని వల్ల.

నైట్‌డ్యూటీ_నర్సు
కొబ్బరాకు గారూ, మీరు చెప్పినవన్నీ శుక్లం ఆపరేషన్ అయినవాళ్ళకి మేం చెప్పే జాగ్రత్తలే. చాలామందిని అదే రోజు ఇంటికి పంపేస్తారు. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు చుక్కల మందు వేసుకోవాలి. మొదటి కొన్ని వారాలు కంట్లో నీళ్ళు పడకూడదు, కన్ను నలపకూడదు, బరువులెత్తకూడదు, పొగకీ దుమ్ముకీ దూరంగా ఉండాలి. అంటే మీ నాన్నగారు అన్నీ పద్ధతిగానే పాటించారు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి. రెండో కన్ను ఎప్పుడన్నది మాత్రం డాక్టరుని అడిగి తేల్చుకోండి, నానబెట్టకండి.

కొబ్బరాకు
థాంక్సండి. పొగ అన్నారు చూడండి, అక్కడ నా ప్రాణం ఉసూరుమంది. భోగి మంటకి పిడకల దండ నాన్న చేత్తోనే వేయించాలని ఆయన్ని చెయ్యి పట్టుకుని లాగాను నేను.

డల్లాస్_గోదారి
మీరు కనీసం పండక్కి వెళ్తున్నారు. ఇక్కడ సంక్రాంతికి సెలవెక్కడిది? పిల్లల బడి సెలవులు డిసెంబరు ఆఖర్లో మొదలై జనవరి మొదటివారంలో అయిపోతాయి. ఇండియా వచ్చిన ప్రతిసారీ పండగ పది రోజులుందనగా విమానం ఎక్కుతాం. ఊరంతా ముగ్గులు పెద్దవవుతుంటాయి, మేం సూట్‌కేసులు తూకం వేసుకుంటుంటాం.

ఒక్కటి మాత్రం దక్కుతుంది. డిసెంబరు 16 ప్రాంతంలో నెల పడుతుంది కాబట్టి హరిదాసు పొద్దున్నే వస్తాడు. మా చిన్నది దోసిట్లో బియ్యం పట్టుకుని అక్షయపాత్రలో పోసి, ఆయన వంగి లేచేదాకా కదలకుండా చూస్తూ నిలబడింది. పోయినసారి మా అమ్మ మేం బయల్దేరే ముందురోజే వాకిట్లో నాలుగు పిడకలు వెలిగించి, పిల్లల తలల మీద రేగుపళ్ళు పోసింది. భోగి కాదు కదమ్మా అంటే, "పిల్లలున్న రోజే భోగి" అంది.

రెండిళ్ళ_కోడలు
నేనుండేది హైదరాబాదు. అత్తారిల్లు కర్నూలు, పుట్టిల్లు తెనాలి. భోగీ సంక్రాంతీ అత్తారింట్లో చేసుకుని, కనుమ రాత్రికి తెనాలి చేరాలని ఏటా అనుకుంటాం. కనుమ నాడు కాకైనా కదలదు అని మా అత్తగారు ఆపుతారు. ముక్కనుమ నాటికి తెనాలి వెళ్తే అక్కడ గారెలు అయిపోయి, చుట్టాలు వెళ్ళిపోయి, అమ్మ నడుం వాల్చి ఉంటుంది. పెళ్ళై ఏడేళ్ళు. మా ఇంటి భోగి మంట ఏడేళ్ళుగా చూడలేదు.

కొబ్బరాకు, మీకింకా పెళ్ళి కాలేదనుకుంటాను. కాకపోతే పండక్కి వెళ్ళడం మాత్రం మానొద్దు. తర్వాత వెళ్దామన్నా కుదరకపోవచ్చు.

టీచరమ్మ_బాపట్ల
రెండిళ్ళ కోడలమ్మా, ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ అని మీ ఆయన చేత చెప్పించు. నువ్వు చెప్తే గొడవవుతుంది, ఆయన చెప్తే ఏర్పాటవుతుంది. నా కోడలికి నేనే ఆ మాట చెప్పాను.

పలాస_కుర్రోడు
టీచరమ్మ గారు వస్తే క్లాసు నిశ్శబ్దం 🙂

ఫిబ్రవరిలో వెళ్ళాలా అన్న ప్రశ్నకి నా జవాబు: వద్దు. మీ సంగతి వేరు కావచ్చు. మా శ్రీకాకుళంలో సంక్రాంతంటే పెద్దపండగ. పోయినోళ్ళకి కొత్తబట్టలు పెట్టి, వాళ్ళకి ఇష్టమైనవి వండి దణ్ణం పెట్టుకునే రోజు. నాన్న పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో మగపిల్లాణ్ణి నేనొక్కణ్ణే. ఆయనకి పంచె పెట్టాల్సింది నేను. అది ఫిబ్రవరికి వాయిదా పడదు.

మొదటి ఏడు రిజర్వేషన్ దొరకలేదు. సికింద్రాబాద్ నుంచి పలాస దాకా జనరల్ బోగీలో, సగం దూరం బాత్రూమ్ తలుపు పక్కన నిలబడి వెళ్ళాను. పంచె చాపుని మాత్రం షర్టు లోపల పెట్టుకున్నా, నలగకూడదని.

డల్లాస్_గోదారి
తమ్ముడూ, ఆ పంచె మాట చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను.

ఊళ్ళోనే_ఉన్నా
నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. భీమవరం పక్కన ఊరు, రొయ్యల చెరువులు. అన్నయ్య హైదరాబాదులో ఉంటాడు, నేను అమ్మానాన్నల దగ్గర.

కొబ్బరాకు గారూ, దాచారు దాచారు అంటున్నారు. మీరు అడిగారా? మనిషి మూడు రోజులు ఇంట్లో కూడా నల్లద్దాలు తియ్యకపోతే, ఎందుకు నాన్నా అని ఒక్కసారి గట్టిగా అడగొచ్చు కదా. సెల్ఫీ తీసుకున్నారు. బయటినుంచి వచ్చేవాళ్ళకి ఇల్లు పండగలాగే కనిపించాలి. ఆ పండగని నిలబెట్టేది ఇక్కడున్నవాళ్ళు. సున్నం వేయించాలి, గేటుకి రంగు వేయించాలి, ఏసీ సర్వీసింగ్ చేయించాలి, "అన్నయ్య వస్తున్నాడు, ఆ బస్తాలు తీసెయ్" అంటారు. మీరు వెళ్ళిన మర్నాడు బస్తాలు మళ్ళీ ఆ గదిలో పెట్టేది కూడా మేమే.

కొబ్బరాకు
అడగలేదు. నిజమే.

నైట్‌డ్యూటీ_నర్సు
ఊళ్ళోనే_ఉన్నా గారూ, ఆ అమ్మాయి ముందే బాధలో ఉంది. ఇంకాస్త మెత్తగా చెప్పొచ్చు కదండీ.

ఊళ్ళోనే_ఉన్నా
సరే. మెత్తగానే చెప్తాను. అసలు సంగతి ఇది.

రెండేళ్ళ కిందట మా నాన్నకి గుండెలో స్టెంట్ వేశారు. రాత్రి పదకొండింటికి ఛాతీలో నొప్పన్నాడు. పక్కింటివాళ్ళ కారులో ఏలూరు తీసుకెళ్ళాను. దారిపొడవునా నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట, "అన్నయ్యకి చెప్పకు, వాడి ప్రాజెక్టు ఏదో నడుస్తోంది". ఒట్టు పెట్టించుకున్నాడు. ఆ పరిస్థితిలో కాదని ఎలా అంటాం? సంతకాలు నేనే పెట్టాను. డబ్బులు చెరువు మేతకి ఉంచినవి కట్టాను. తెల్లారేదాకా ఆ బెంచీ మీద ఒక్కణ్ణే కూర్చున్నాను.

నెల తర్వాత అన్నయ్యకి తెలిసింది. "నేనేమైనా పరాయివాణ్ణా, నాకు చెప్పకపోవడానికి నువ్వెవడివి" అన్నాడు. చెప్పొద్దన్నది నాన్న, మాట పడింది నేను. మేం మునుపటిలా మాట్లాడుకుని రెండేళ్ళయింది. పండక్కి వస్తాడు, తింటాడు, పిల్లల్ని కోడిపందేలకి తీసుకెళ్తాడు. నాతో "ఏరా బాగున్నావా" అంతే.

మీ పోస్టు చదువుతుంటే మా అన్నయ్యే రాసినట్టనిపించింది. ఆ కోపం మీ మీద చూపించాను. క్షమించండి.

కొబ్బరాకు
క్షమాపణ ఎందుకండీ. మీరు రాసింది చదివాక మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఇంతవరకూ వాణ్ణి అడగాలనే తట్టలేదు నాకు. "అక్కా, నాన్నని బైకు మీద అమలాపురం నేనే తీసుకెళ్ళాను. చుక్కలు నేనే వేశాను రోజుకి నాలుగుసార్లు. నువ్వొచ్చిన మూడ్రోజులూ నీకు కనబడకుండా పెరట్లో, నూతి దగ్గర వేశాను" అన్నాడు. ఆపరేషన్‌కి ఎంతయిందిరా అంటే చెప్పడు.

వాడికి ఇరవై మూడేళ్ళు.

పలాస_కుర్రోడు
పెరట్లో నూతి దగ్గర చుక్కలు... అబ్బా.

జగిత్యాల_మస్కట్
ఇదంతా చదివినంక రాయకుండా ఉండలేకపోయిన. పదకొండేళ్ళ సంది మస్కట్‌లో ఎలక్ట్రీషియన్ పని చేస్తున్న. రెండేళ్ళకోసారి రెండు నెలల ఛుట్టీ. మాకు పెద్ద పండుగ దసరా. ఛుట్టీ దసరాకే పడేటట్టు కంపెనీల ముందే మాట్లాడి పెట్టుకుంటం.

2019ల మా నాయిన పోయిండు. నాకు మూడో దినం చెప్పిన్రు. ఎట్లాగూ అందుకోలేవు, అక్కడ ఒక్కనివి ఏమైతవో అని. అన్నీ మా బావ చేసిండు. నేను రూంల పప్పు వండుకుంటున్న ఆ టైముకు. ఆ తర్వాత చాలా రోజులు పప్పు వండలేదు.

కోపం ఎవరి మీద పెట్టుకోవాలె? చెప్పినా నేను చేసేదేం లేకుండె. కానీ ఆ మూడు రోజులు నేను నవ్వుకుంట తిరిగిన కదా, ఆ మాట ఇప్పటికీ కొడుతది.

మరుసటేడు దసరాకు పోయిన. జమ్మి చెట్టు కాడికి పోయి, ఆకు తెచ్చి అందరికీ ఇచ్చి అలాయ్ బలాయ్ తీసుకుంటం కదా. ఏటా మొదటి జమ్మి నాయిన చేతుల పెట్టి కాళ్ళు మొక్కేది. ఆ రోజు ఆకు పట్టుకుని ఇంట్ల అటూ ఇటూ తిరిగిన. మా అమ్మ చూసి, "నాకు పెట్టు బిడ్డా" అన్నది.

అప్పటిసంది మా అమ్మతోటి ఒక మాట చేసుకున్న. ఏమైనా సరే నాకు ఆ రోజే చెప్పాలె. నేను రాకపోయినా సరే.

టీచరమ్మ_బాపట్ల
నాయనా, ఆ తల్లి చేతిలో పెట్టావు చూడు, అదే మీ నాన్నకి చేరింది.

ఇన్నాళ్ళూ అందరికీ సలహాలిస్తూ నేనొకటి చెప్పలేదు. నేనూ దాచినదాన్నే. ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అబ్బాయి పుణెలో, అమ్మాయి న్యూజెర్సీలో. మూడేళ్ళ కిందట బాత్‌రూమ్‌లో జారిపడి ఎడమ మణికట్టు విరిగింది. అబ్బాయి ఫోన్ చేస్తే, అరిసెల పిండి కలుపుతుంటే బెణికిందిరా అన్నాను. వీడియో కాల్‌లో చెయ్యి కెమెరాకి అందకుండా కూర్చునేదాన్ని.

ఎందుకు దాచానంటే, అంతకుముందు మా వారికి ఒంట్లో బాగోనప్పుడు వాడు పరుగెత్తుకొచ్చాడు. ఐదు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. మంచం పక్కన స్టూలు మీద లాప్‌టాప్, చెవిలో ఆ తీగలు, మాటిమాటికీ వరండాలోకి వెళ్ళి ఇంగ్లీషులో బతిమాలుకోవడం. నా కొడుకు ఎవరినో సారీ సారీ అంటుంటే వినలేకపోయాను. మళ్ళీ వాడికి ఆ గతి పట్టించకూడదనుకున్నాను. వాడు దూరమైపోయాడని కాదు.

కొబ్బరాకు అమ్మా, మీ అమ్మతో పోట్లాడకు. ఇంకో పని చెయ్యి. ఈసారి అరిసెల బియ్యం నేనొచ్చాకే నానబొయ్యి అని చెప్పు. నాలుగు రోజులు ముందు వెళ్ళు. పొయ్యి దగ్గర ఇద్దరూ నిలబడితే ఏ తల్లీ ఏదీ దాచలేదు. చేతులు ఖాళీగా ఉండవు, మొహాలు చూసుకోనక్కర్లేదు, మాట దానంతటదే వస్తుంది.

రెండిళ్ళ_కోడలు
ఇది నిజం. మా అమ్మ నాకు చెప్పిన ముఖ్యమైన మాటలన్నీ ఏదో ఒకటి వలుస్తూనో వేయిస్తూనో చెప్పినవే.

డల్లాస్_గోదారి
ఊళ్ళోనే_ఉన్నా తమ్ముడూ, మీ అన్నయ్య వైపు నుంచి ఒక్క మాట. దూరంగా ఉన్నవాడికి రాత్రి రెండింటికి ఫోన్ మోగితే గుండె ఆగినంత పనవుతుంది. వీసా స్టాంపింగ్ లేకుండా ఇండియా వెళ్తే మళ్ళీ ఇక్కడికి రాగలనో లేదో తెలియని రోజులు నేనూ చూశాను. అప్పుడు నాకు తెలియాల్సింది తెలియకపోతే, వచ్చిన కోపం నా చేతకానితనం మీద. అది దగ్గర్లో ఉన్న తమ్ముడి మీద పడుతుంది. మీ అన్నయ్య చేసింది తప్పే. కానీ ఆ కోపం మీ మీద కాకపోవచ్చు.

ఊళ్ళోనే_ఉన్నా
అయ్యుండొచ్చండి. కానీ ఆ రాత్రి బెంచీ మీద ఎలా గడిచిందిరా అని ఇంతవరకూ అడగలేదు.

స్టీరింగ్
ఆర్టీసీలో డ్రైవరుని. పద్నాలుగు సంక్రాంతులు హైదరాబాద్ విజయవాడ రోడ్డు మీదే అయ్యాయి. మీరంతా ఇంటికెళ్ళే బస్సు నేను తోలుతుంటాను కాబట్టి నేనూ ఓ మాట రాస్తున్నా.

పండగ ముందు రెండు రాత్రులు పంతంగి టోల్ దగ్గర ఎర్రలైట్లే కనిపిస్తాయి, రోడ్డు కనిపించదు. కార్లలో వెళ్ళేవాళ్ళకి ఒక మాట. గుంటూరు, ఒంగోలు వైపు వాళ్ళయితే నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళండి. నిద్రొస్తే ఆపండి. తెల్లారకట్ల మూడు నుంచి ఐదు మధ్య కన్ను మూత పడే టైము. ఇల్లు ఎక్కడికీ పోదు.

మా ఇంట్లో పండగ రథసప్తమికి. అప్పటికి రద్దీ తగ్గి నాకు సెలవు దొరుకుతుంది. మా అమ్మ నెలంతా పెట్టిన గొబ్బెమ్మల్ని పిడకలు చేసి ఎండబెట్టి ఉంచుతుంది. ఆ పిడకల మీద పాలు పొంగించి పరమాన్నం వండుతుంది. ఊళ్ళో అందరిదీ ఆ రోజు సూర్యుడి పూజ, మా ఇంట్లో అదీ, నా సంక్రాంతీ కలిపి.

పలాస_కుర్రోడు
అన్నా, ఏటా దిగేటప్పుడు డ్రైవరుకి ఓ మాట చెప్పాలని కూడా తెలియలేదు ఇన్నాళ్ళు. ఈసారి బస్సెక్కితే చెప్తా.

స్టీరింగ్
ఒక పెద్దావిడ పోయినేడు దిగుతూ సంచీలోంచి రెండు సున్నుండలు తీసి ఇచ్చింది. కొడుక్కి పట్టుకెళ్తున్నవట. అప్పటికి నేను రాత్రి నుంచి ఏమీ తినలేదు.

కొబ్బరాకు
టీచరమ్మ గారి మాట విన్నాను. 12 కాదు, 9వ తారీకు శేషాద్రికి తీసుకోవాలని నవంబరు 10 పొద్దున్న ఎనిమిదింటికి ముందే లాగిన్ అయి కూర్చున్నా. బెర్తు దొరికింది! రాజమండ్రిలో దిగి రావులపాలెం మీదుగా బస్సు. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు కదా, ఆ చివరి రెండు గంటలు తప్పవు.

పండగ మూడ్రోజులు సెలవు, ముందు రోజులు ఇంటి నుంచి పని. మేనేజరు ఒప్పుకున్నాడు. అమ్మకి ఫోన్ చేసి బియ్యం నానబొయ్యొద్దు అన్నాను. "నీకు పాకం ఏం తెలుసు" అంది. నేర్పు అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

పలాస_కుర్రోడు
రైలు బుకింగ్ 60 రోజుల ముందుకి తగ్గించాక కొంచెం నయం. 120 రోజులున్నప్పుడు సెప్టెంబరులోనే సంక్రాంతి సెలవు అడగాలి. మా బాసు నా వైపు చూసిన చూపు మర్చిపోలేను.

రెండిళ్ళ_కోడలు
నాకైతే 120 రోజులే నయం. ముందే టికెట్ చేతిలో ఉంటే ఇంట్లో వాదన ఉండదు, తీసేశాం కదా అనొచ్చు.

నైట్‌డ్యూటీ_నర్సు
వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి కొబ్బరాకు గారూ. ఎలా ఉన్నారు అని అడిగితే బాగున్నామనే అంటారు. మందుల కవరు తీసి చూడండి. డాక్టరు చీటీలు ఫోటో తీసి మీ దగ్గర పెట్టుకోండి. తమ్ముడి దగ్గరా ఒక కాపీ ఉండాలి. ఇద్దరూ కలిసి ఒక్క జాబితా రాసుకోండి, ఏ మందు ఎన్నిసార్లు, ఎప్పుడు మళ్ళీ చూపించాలి అని. నేను పండక్కి డ్యూటీలోనే ఉంటాను, ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడ రాయండి.

జగిత్యాల_మస్కట్
పోయి రా చెల్లే. తమ్మునికి కూడా ఏదన్న పట్టుకపో.

కొబ్బరాకు
(జనవరి 20) నిన్న బెంగళూరు వచ్చాను. రాస్తానన్నాను కాబట్టి రాస్తున్నా, కొంచెం పెద్దదవుతుంది.

10న ఇంటికి చేరేసరికి నా మంచం మీద బస్తాలు అలాగే ఉన్నాయి. ముందొస్తున్నానని తమ్ముడు తియ్యలేదట. అవి అక్కడే ఉండనీరా అని హాల్లో అమ్మ పక్కన చాప వేసుకున్నాను.

బియ్యం ఆ రోజే పోశాం. ఒక రోజంతా నానాక నీళ్ళు వంచి, బట్ట మీద కాసేపు ఆరబెట్టి, తడి పోకముందే మరకి పట్టుకెళ్ళాలి. పిండి వేడెక్కి ఆరిపోకుండా తడిగుడ్డ కప్పుకుని తెచ్చాను. అనకాపల్లి బెల్లం. అమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి పక్కన పెట్టింది. పాకం చుక్క నీళ్ళలో వేసి, వేలితో దగ్గరికి తోస్తే ఉండ కట్టాలి. ఆ ఉండ పళ్ళేనికి తగిలితే టక్కుమనకూడదు, మెత్తగా ఉండాలి. అమ్మ కళ్ళతో కాదు, వేళ్ళతో చూస్తుంది. నేను తిప్పుతున్నాను, తను పిండి పోస్తోంది. చెయ్యి నొప్పెట్టి మార్చుకుంటుంటే, తిప్పడం ఆపకు అంటూ అదే ఊపులో చెప్పడం మొదలుపెట్టింది.

ఆపరేషన్ అయిన రోజు నాన్న భయపడ్డాడట. లోపలికి తీసుకెళ్ళే ముందు నా చిన్నప్పటి స్కూలు ఫోటో అడిగాడట. పర్సులో ఉంది కదా అంటే, "ఏమో, ఒకసారి చూసుకుని వెళ్తాను" అన్నాడట. అమ్మ చలిమిడి వంక చూస్తూనే చెప్పింది. నేను కూడా చలిమిడి వంకే చూశాను.

ఇంకా రెండు విషయాలు బయటపడ్డాయి. అమ్మకి బీపీ మందులు ఆరు నెలలుగా నడుస్తున్నాయి. తమ్ముడు ఆపరేషన్ డబ్బులకి బైకు కుదువ పెట్టి, విడిపించుకున్నాడు. మందుల చీటీలన్నీ ఫోటో తీశాను. బైకు సంగతి వాడితో మాట్లాడాను. డబ్బు పంపిస్తానంటే కోపమొచ్చింది వాడికి. ఇక మీద ఖర్చు సగం సగం అన్నాను. అది ఒప్పుకున్నాడు.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అందరం వెళ్ళాం. వెదురు, రంగుబట్టలు కట్టిన ఆ ప్రభలు భుజాల మీద కౌశిక దాటిస్తుంటే మావాడు నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు, మోస్తూ. ఒడ్డు మీద నాన్న నా భుజం పట్టుకుని, "కుడికన్నుతో చూస్తే ఎంత బాగా కనిపిస్తోందే, ఎడమకన్ను మూసుకుని చూస్తున్నా" అన్నాడు.

ఎడమకన్నుకి ఫిబ్రవరి రెండో వారం. నేను వెళ్తున్నాను. రానూపోనూ టికెట్లు తీసేశాను.

టీచరమ్మ_బాపట్ల
చల్లగా ఉండు తల్లీ. నేను పుణె ఫోన్ చేసి మణికట్టు సంగతి చెప్పాను. వాడు కాసేపు అరిచాడు. తర్వాత అన్నం తిన్నావా అన్నాడు.

ఊళ్ళోనే_ఉన్నా
ఈ చర్చ లింకు అన్నయ్యకి పంపాను. భోగి రోజు రాత్రి చెరువు దగ్గరికి వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ రోజు ఏ ఆస్పత్రిరా, పద రేపు చూపించు" అన్నాడు.

నైట్‌డ్యూటీ_నర్సు
ఫిబ్రవరి తారీకు ఖాయమయ్యాక చెప్పండి కొబ్బరాకు గారూ. బీపీ, షుగరు ఒకసారి ముందే చూపించుకోమనండి నాన్నగారిని.

పలాస_కుర్రోడు
అన్నీ చెప్పారు, అసలు సంగతి చెప్పలేదు. అరిసెలు ఎలా వచ్చాయి?

కొబ్బరాకు
మొదటి వాయి పాకం లేతగా దించేశాను. నూనెలో వెయ్యగానే విచ్చుకుపోయాయి. అమ్మ మళ్ళీ పాకం పట్టింది, అవి బాగా వచ్చాయి. ఆ విరిగిన ముక్కలన్నీ ఒక గిన్నెలో వేసి పెట్టాను, పారేద్దామని. సాయంత్రం చూస్తే గిన్నె నాన్న మంచం కింద ఉంది, సగం ఖాళీ.